కోర్టు రోడ్డు టైపింగ్ సెంటర్: నా షోకాజ్ నోటీసుకు జవాబు రాసిచ్చిన చోటు

అనంతపురం కోర్టు రోడ్డులో జిరాక్స్ షాపుల వరసలో ఒక చిన్న గది ఉంది. బోర్డు మీద "జాబ్ టైపింగ్, అర్జీలు, అఫిడవిట్లు" అని ఉంటుంది, అంతే. లోపల ఒక పాత కంప్యూటర్, ప్రింటర్, గోడవారగా ముగ్గురు పట్టే బెంచీ, టేబుల్ వెనక డెబ్భైకి దగ్గరపడిన పెద్దాయన. టైప్ చేసేది ఆయన కాదు, పక్కన కూర్చునే అక్క. ఆయన పని వినడం, అడగడం, పెన్సిల్‌తో రాయడం. 2025 అక్టోబరులో మా షోరూమ్ వాళ్ళు నాకు షోకాజ్ నోటీసు (నీమీద చర్య ఎందుకు తీసుకోకూడదో జవాబు చెప్పమనే కాగితం) ఇస్తే, నా సంజాయిషీ రాసిచ్చింది ఈయనే. ఆ గదికి మొత్తం మూడుసార్లు పోయాను. మూడుసార్లకూ కలిపి నాకైన ఖర్చు 420 రూపాయలు. ఉద్యోగం నిలబడింది. జీతంలో ఒక్క రూపాయి కోత పడలేదు. అందుకే ఈ రివ్యూ పొడుగైనా పర్వాలేదని రాస్తున్నాను. మొదటి ఉద్యోగంలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ తప్పకుండా చదవాలి.

పేరు రాయొద్దని పెద్దాయన అన్నారు, అందుకే రాయడం లేదు. కోర్టు గేటు దగ్గర టీ బంకులో "నోటీసులకు జవాబు రాసే పెద్దాయన" అని అడిగితే చూపిస్తారు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది బుక్కరాయసముద్రం. బీకాం అయ్యాక అనంతపురంలో ఒక బట్టల షోరూమ్‌లో బిల్లింగ్ కౌంటర్‌లో చేరాను. నోటీసు వచ్చేనాటికి సంవత్సరం ఏడు నెలల సర్వీసు, జీతం 14,500. దసరా సీజన్‌లో రెండు వారాలు మాకు వీక్లీ ఆఫ్ లేదు. మూడో వారం కూడా కుదరదంటే ఫ్లోర్ మీద అందరి ముందూ సూపర్‌వైజర్‌ను గట్టిగా అడిగాను. ఆ రోజు నుంచి ఆయనకూ నాకూ మాటల్లేవు.

అక్టోబరు 11, శనివారం. దీపావళి రద్దీ. రాత్రి డే ఎండ్ తీస్తే నా కౌంటర్‌లో 11,450 రూపాయల క్యాష్ షార్ట్. చూస్తే మధ్యాహ్నం 4:12కు నా లాగిన్‌లో ఒక బిల్లు క్యాన్సిల్ అయింది. కస్టమర్‌కు డబ్బు తిరిగిచ్చినట్టు సిస్టమ్ చూపిస్తోంది. సరుకు మాత్రం వెనక్కి రాలేదు, డ్రాయర్‌లో డబ్బూ లేదు. ఆ టైంలో నేను కౌంటర్‌లోనే లేను, భోజనానికి పైకి పోయాను. కానీ నా పాస్‌వర్డ్ సూపర్‌వైజర్‌కూ, పక్క కౌంటర్ అబ్బాయికీ తెలుసు. చెప్పింది నేనే. రద్దీలో ఒకరి కౌంటర్ ఇంకొకరు చూసుకోవాలి కదా అని అందరం అట్లాగే చెప్పుకునేవాళ్ళం.

మర్నాడు పొద్దున్నే హెచ్‌ఆర్ గదిలోకి పిలిచారు. నేను కూర్చునేసరికే కాగితం టైప్ చేసి సిద్ధంగా ఉంది. "నా నిర్లక్ష్యం వల్ల సొమ్ము పోయింది, పూర్తి బాధ్యత నాదే, రెండు నెలల జీతంలో కోసుకోవడానికి నాకు సమ్మతమే" అని, కింద నా పేరు. సంతకం పెట్టు అన్నారు. లేదంటే రాజీనామా రాసిచ్చెయ్, రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం అన్నారు. నాకు చేతులు చల్లబడిపోయాయి. మా నాన్నతో మాట్లాడి రేపు చెప్తాను అని మాత్రం అనగలిగాను.

ఆ రాత్రి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో "కొందరి వల్ల అందరికీ చెడ్డపేరు" అని సూపర్‌వైజర్ ఒక మెసేజ్ పెట్టాడు. నాకు తల తిరిగిపోయింది. "నన్ను దొంగ అనేవాళ్ళ సంగతి నాకూ తెలుసు, అందరివీ బయటపెడతా" అని రాసేశాను. పది నిమిషాలకు భయమేసి డిలీట్ చేశాను. అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసేశారు. 14న చేతికొచ్చిన నోటీసులో రెండు ఆరోపణలు: ఒకటి సొమ్ము, రెండు పైవాళ్ళను బెదిరించడం. నలభై ఎనిమిది గంటల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఈ టైపింగ్ సెంటర్ గురించి నాకు చెప్పింది మా షోరూమ్ వాచ్‌మన్ తాత. "పాపా, యాడా సంతకం పెట్టొద్దు. మా అల్లునికి ఫైనాన్స్ కంపెనీలో ఇట్లనే అయితే కోర్టు రోడ్డులో ఒకాయన రాసిచ్చినాడు. తెల్లారి పో" అన్నాడు.

15వ తేదీ పదిన్నరకు పోతే నా వంతు పన్నెండుకు వచ్చింది. కూర్చోగానే జరిగిందంతా చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "కథ తర్వాత పాపా. కాగితాలేమి ఉండాయి?"

నోటీసు తప్ప నా దగ్గర ఏమీ లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ అసలు ఇవ్వనే లేదు. అది పెద్ద దెబ్బ అనుకున్నాను. ఆయన ఏమాత్రం కంగారుపడలేదు. జీతం బ్యాంకులో పడుతుందా, ఐడీ కార్డు ఉందా, ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) నంబరు ఉందా, పీఎఫ్ కడుతున్నారా అని వరసగా అడిగారు. 21,000 లోపు జీతం కాబట్టి నాకు ఈఎస్ఐ ఉంది. ఫోన్‌లో ఉమంగ్ యాప్ తెరిపించి పీఎఫ్ పాస్‌బుక్ తీయించారు. అందులో మా కంపెనీ పేరు, నెలనెలా కట్టిన మొత్తం కనబడుతున్నాయి. అది ప్రింట్ తీయించి పైన పెట్టుకున్నారు. "నువ్వు ఆడ పనిచేస్తాండావని వాళ్ళు కట్టిన డబ్బే చెప్తాండాది. ఆర్డరు లేదని ఏడవద్దు."

ఈయన ఒకప్పుడు లేబర్ కేసులు చూసే వకీలు దగ్గర గుమస్తా. మన ఊర్లో లేబర్ కోర్టు ఉంది కదా, ఆ రోజుల్లో ఎక్కువగా వచ్చేది ఆర్టీసీ కండక్టర్లేనట. టికెట్ కొట్టలేదనో, సంచిలో క్యాష్ తేడా వచ్చిందనో ఛార్జిషీట్లు. వాటికి జవాబులు రాసీ రాసీ చెయ్యి తిరిగింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యాక ఆ గిరాకీ తగ్గింది. ఇప్పుడు వచ్చేది షోరూమ్ పిల్లలు, ఫైనాన్స్ కంపెనీల ఫీల్డ్ స్టాఫ్, డెలివరీ అబ్బాయిలు. బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాళ్ళలో ముప్పై దాటినవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

నేను రాత్రంతా కూర్చుని మూడు పేజీల జవాబు రాసుకుపోయాను. దాన్ని టైప్ చేసిస్తే చాలనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని మూడు పేజీలూ అక్షరం వదలకుండా చదివారు. మొదటి పేజీ అంతా వీక్లీ ఆఫ్ గొడవ. రెండో పేజీ సూపర్‌వైజర్ ఎట్లా అరుస్తాడు, ఎవరెవర్ని ఏడిపించాడు. మూడో పేజీలో మా ఇంటి పరిస్థితి, మా నాన్న ఆరోగ్యం, ఇంతవరకూ నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదని. ఆ మూడో పేజీలో కింద నుంచి నాలుగో లైను దగ్గర పెన్సిల్ ఆగింది. "ఆ టైంలో నేను భోజనానికి వెళ్ళాను" అనే ముక్క అక్కడుంది. దాని చుట్టూ సున్నా చుట్టి, కాగితం నా వైపు తిప్పారు.

"ఇంత దూరం తీసుకుపోయి దాచిపెట్టినావేమి పాపా దీన్ని?"

నాకు నోట మాట రాలేదు. మిగతా అంతా నిజమే కదా సార్ అన్నాను. "నిజమే. ఎవరన్నా అడిగినారా? వాళ్ళు అడిగింది రెండు. మనం చెప్పేది రెండిటికే. వీక్లీ ఆఫ్ మీద నీకు హక్కు ఉండాది, దానికి వేరే అర్జీ పెట్టు, ఇంకో దినం. దీంట్లో కలిపితే కోపంలో రాసిందిలే అంటారు. భోజనం సంగతి గూడా నమ్మరు."

నేను ఇచ్చిన డబ్బుకు నాకు దొరికింది ఇదే. టైపింగ్ ఎక్కడైనా చేస్తారు. నా బాధలోంచి నా జవాబును వేరు చేసి చూపించేవాళ్ళు ఇంట్లో లేరు, ఫ్రెండ్స్‌లో లేరు. అందరూ నాకంటే ఎక్కువ కోపంతో ఊగిపోతున్నారు. మా అన్నయ్య అయితే షోరూమ్‌కే పోయి గొడవ పెట్టుకుంటానని బండి తీశాడు.

తర్వాత పాస్‌వర్డ్ సంగతి. ఎవరెవరికి తెలుసు అని అడిగారు. "నాకొక్కదానికే" అన్నాను. ఆయన పెన్సిల్ కింద పెట్టేశారు. తిట్టలేదు, ఇంకోసారి అడగలేదు. టైప్ చేసే అక్క కూడా చెయ్యి ఆపింది. కాసేపటికి నేనే చెప్పేశాను, ఇద్దరికి చెప్పాను సార్ అని. "రాద్దాం" అన్నారు. రాస్తే నన్నే పట్టుకుంటారని భయపడ్డాను. ఆయన అన్నది ఇప్పటికీ చెవుల్లో ఉంది. "చేసింది చేసినానని రాస్తే, చెయ్యంది చెయ్యలేదంటే నమ్ముతారు. నువ్వు దాచినా పక్క కౌంటర్ పిల్లోడు ఎంక్వైరీలో చెప్తాడు. అప్పుడు నీ భోజనం గూడా అబద్ధమే అయిపోతుంది."

వాట్సాప్ మెసేజ్ విషయంలో మాత్రం కొంచెం గట్టిగానే మందలించారు. డిలీట్ చేసినందుకు. గ్రూపులోంచి బయటికి రావద్దు, ఇంకేదీ తుడపొద్దు, సూపర్‌వైజర్ పెట్టిన మెసేజ్ కూడా తేదీ, టైం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకో అన్నారు. జవాబులో దానికి రెండే వాక్యాలు: ఆ మాటలు ఆవేశంలో రాశాను, రాయడం తప్పు, పది నిమిషాల్లో తీసేశాను, ఎవరినీ బెదిరించే ఉద్దేశం లేదు, మన్నించండి. ఎందుకు ఆవేశం వచ్చిందో రాద్దామన్నాను. వద్దన్నారు. క్షమాపణ పక్కన కారణం రాస్తే అది క్షమాపణ కాదట, ఇంకో గొడవట.

ఇక జవాబులో మొట్టమొదటి పేరా నేను ఊహించనిది. నా గురించి కాదు, సీసీ కెమెరా గురించి. అక్టోబరు 11 మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదు దాకా నా కౌంటర్ ఫుటేజీ, ఆ రోజు నా బయోమెట్రిక్ పంచ్ వివరాలు, క్యాన్సిల్ అయిన బిల్లు రిపోర్టు భద్రపరచమని, నాకు చూపించమని కోరారు. కారణం సింపుల్. కెమెరా రికార్డరులో జాగా నిండితే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. కొన్ని రోజులు పోతే ఫుటేజీ ఉండదు. "అడిగినట్టు కాగితం ఉంటే, రేపు పోయిందంటే ఎందుకు పోయిందని అడగొచ్చు" అన్నారు. ఈ ఒక్క పేరానే నన్ను కాపాడిందని నేను గట్టిగా నమ్ముతాను.

జీతంలో కోత గురించి అడిగితే నోటీసు మూలన పెన్సిల్‌తో 435 అని రాశారు. జీతాల చెల్లింపు చట్టం, 1936 ప్రకారం జరిమానా ఆ నెల జీతంలో మూడు శాతం దాటకూడదు, నా 14,500కు అది 435. జరిమానా వేరు, పోయిన సొమ్ము రాబట్టుకోవడం వేరు అని కూడా విడమరిచి చెప్పారు. రాబట్టుకోవాలంటే ఆ నష్టం నేరుగా నా నిర్లక్ష్యం వల్లే అయిందని తేలాలి, అంతకుముందు నా సంజాయిషీ వినాలి. అన్నిరకాల కోతలూ కలిపినా మామూలుగా జీతంలో సగం మించకూడదు. వినకుండానే రెండు నెలల కోతకు సంతకం పెట్టించుకోవాలని చూశారంటే, నా సంతకం వాళ్ళకు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది నాకు. (నా వ్యవహారం ముగిశాక, 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మూడు శాతం, సగం అనే ఈ రెండు హద్దులూ వేతనాల కోడ్‌లోనూ ఉన్నాయి.)

రాజీనామా గురించి ఒక్క మాటే చెప్పారు: నీ చేత్తో నువ్వు రాసిస్తే, నన్ను తీసేశారని రేపు ఎవరి దగ్గరా చెప్పుకోలేవు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం, 1988లో సెక్షన్ 47 ఉంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసెయ్యాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. రాజీనామా రాసిచ్చినవాళ్ళకు ఇదేదీ వర్తించదు.

జవాబు ఒక పేజీ మీద నాలుగు లైన్లు వచ్చింది. ఇంగ్లీషులో రాశారు, ఎందుకంటే హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉంది. కానీ ప్రతి వాక్యం తెలుగులో చెప్పి, నాకు అర్థమైందా లేదా అని నాతో తిరిగి చెప్పించుకున్న తర్వాతే సంతకం పెట్టమన్నారు. రాసినందుకు 200, టైపింగూ ప్రింట్లూ జిరాక్సులూ 80. రెండు కాపీలు తీసుకుపో, ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ, స్టాంపు తీసుకో అన్నారు.

లోపాలూ ఉన్నాయి. టైప్ చేసిన కాగితంలో నోటీసు తేదీ "నవంబరు 14" అని పడింది. నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆయన కళ్ళు మునుపటిలా లేవు, అక్క గబగబా కొడుతుంది. ప్రతి అంకె మీరే రెండుసార్లు చూసుకోండి. సంతకం పెట్టేవాళ్ళం మనమే. ఇంకోటి, ముట్టినట్టు సంతకం ఇవ్వకపోతే రిజిస్టర్ పోస్టులో పంపు అన్నారు. హెచ్‌ఆర్ వాళ్ళు నిజంగానే ఇవ్వలేదు. హెడ్ పోస్టాఫీసుకు పోతే, రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారమ్మా అన్నారు కౌంటర్‌లో. స్పీడ్ పోస్టే చేసి, రిజిస్ట్రేషన్ కావాలని విడిగా అడిగి తీసుకోవాలి. ఆయనకు ఆ సంగతి తెలియదు, తర్వాత నేనే చెప్పాను. ఈమెయిల్ పంపడం కూడా అక్కడ కుదరదు. ఫోన్‌లో స్కాన్ చేసి హెచ్‌ఆర్‌కూ హెడ్డాఫీసుకూ నేనే పంపుకున్నాను. రసీదు అడిగితే రాసివ్వరు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఆ బెంచీ. మనం చెప్పే ప్రతి మాటా పక్కవాళ్ళకు వినిపిస్తుంది. నేను పాస్‌వర్డ్ సంగతి ఒప్పుకుంటున్నప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళు వింటున్నారు. ఆడపిల్లలకు మరీ కష్టం. ఆ రోజే ఒక అమ్మాయి వచ్చి, మేనేజర్ ప్రవర్తన బాగాలేదని మొదలుపెట్టింది. ఆయన వెంటనే ఆపారు. "ఇది ఈ బెంచీ మీద చెప్పేది కాదమ్మా" అని, టైప్ చేసే అక్కను తోడిచ్చి కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపించారు. అక్కడ ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. ఫోన్ చేయాలంటే 15100. లైంగిక వేధింపుల ఫిర్యాదు అయితే 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే చిన్నచోట్ల వాళ్ళకు జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. ఫిర్యాదు మామూలుగా మూడు నెలల లోపల ఇవ్వాలి. తన పని కాని చోట తలదూర్చకుండా సరైన చోటికి పంపడం నాకు బాగా నచ్చింది. అయినా ఒక కర్టెనో, చిన్న అడ్డుగోడో పెట్టించుకోవాలి సార్ అని నేను చెప్పాను. మళ్ళీ చెప్తున్నాను.

రెండోసారి పోయింది ఎంక్వైరీకి ముందు. 22న కాగితం వచ్చింది, 25న ఎంక్వైరీ అని. ఈసారి రాయించుకునేది పెద్దగా లేదు. నాతో పనిచేసేవాళ్ళలో ఒకరిని తోడు కూర్చోనివ్వమని నాలుగు లైన్ల లెటర్, అంతే. మిగతా అరగంట ఆయన మేనేజర్ అయిపోయారు. గొంతు మార్చి, టేబుల్ మీద చెయ్యి కొట్టి, "పాస్‌వర్డ్ ఎందుకిచ్చినావ్?" "డబ్బు ఏమైంది?" "ముందు సంతకం పెడతానని ఇప్పుడు మాట మారుస్తాండావా?" అని అడుగుతూ పోయారు. మొదటి రెండు ప్రశ్నలకు నేను పెద్ద పెద్ద జవాబులు చెప్పాను. ప్రతిసారీ "అడిగిందానికే" అని ఆపారు. ఐదోసారికి నా జవాబు ఒక్క వాక్యానికి వచ్చింది. నాకు తెలియనిదాన్ని "నాకు తెలియదు" అనడం కూడా అక్కడే నేర్చుకున్నాను. అంతకుముందు తెలియదంటే తప్పు చేసినట్టుంటుందని ఏదో ఒకటి చెప్పేదాన్ని. దానికి 100 తీసుకున్నారు.

ఎంక్వైరీకి హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ వచ్చారు. మా సూపర్‌వైజర్ ఫిర్యాదు చేసినవాడు కాబట్టి ఎంక్వైరీ చేసే కుర్చీలో అతను కూర్చోకూడదు, కూర్చుంటే అభ్యంతరం రాసివ్వు అని పెద్దాయన చెప్పి పంపారు. ఆ అవసరం రాలేదు. చీరల సెక్షన్ అక్క నా పక్కన కూర్చుంది. బయోమెట్రిక్ షీటులో నేను 3:48కి బయటికి, 4:27కి లోపలికి. బిల్లు క్యాన్సిల్ అయింది 4:12కు. ఫుటేజీ కూడా తీశారు. 4:12కు నా కౌంటర్ దగ్గర ఉన్నది నేను కాదు.

చివర్లో రాసిన కాగితాలు సంతకానికి ఇచ్చారు, నాలుగు పేజీలు. పెద్దాయన చెప్పినట్టే ఒక్కో లైను చదివాను. మేడమ్ రెండుసార్లు వాచీ చూసుకున్నారు, అయినా చదివాను. మూడో పేజీలో "లాగిన్ దుర్వినియోగానికి తానే బాధ్యురాలినని ఒప్పుకున్నారు" అని ఉంది. నేను ఒప్పుకున్నది పాస్‌వర్డ్ చెప్పానని మాత్రమే. నా గొంతు వణికింది. కానీ చెప్పాను: "మేడమ్, నేనన్న మాట ఇది కాదు. పాస్‌వర్డ్ ఇద్దరికి చెప్పానన్నాను." ఆమె కాసేపు చూసి, ఆ లైను కొట్టేసి పైన రాశారు, పక్కన ఇద్దరం సంతకం పెట్టాం. ఆ కొట్టివేత లేకపోతే తర్వాత వచ్చిన ఉత్తరువు వేరేలా ఉండేది.

నవంబరు 6న లెటర్ వచ్చింది. సొమ్ము ఆరోపణ రుజువు కాలేదు, రికవరీ లేదు. పాస్‌వర్డ్ చెప్పినందుకు, గ్రూపులో మెసేజ్‌కు రాతపూర్వక హెచ్చరిక.

అది పట్టుకుని మూడోసారి పోయాను. నాకు సంతోషం కంటే మంటే ఎక్కువగా ఉంది. నా లాగిన్ వాడినవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. నాకు మాత్రం హెచ్చరిక. దీనిమీద కూడా రాద్దాం సార్ అన్నాను. ఆయన లెటర్ మడిచి నా చేతిలో పెట్టారు. "దీంట్లో రాసింది నువ్వు చేసిందే కదా పాపా. ఫైల్లో పెట్టుకో. వాళ్ళనేం చేస్తారనేది నీ చేతిలో లేదు." ఈ ఒక్క విషయంలో ఆయన మాట నాకింకా పూర్తిగా మింగుడుపడలేదు. నన్ను దొంగ అన్న గ్రూపులోనే, ఆ అమ్మాయి తప్పు లేదని ఎవరూ ఒక్క మెసేజ్ పెట్టలేదు. అది పెట్టమని అడిగి ఉండాల్సిందని నాకిప్పటికీ అనిపిస్తుంది. ఆ రోజు జిరాక్సులకు 40 ఇచ్చి వచ్చాను, మాట్లాడినందుకు ఏమీ తీసుకోలేదు.

ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. సూపర్‌వైజర్‌తో పని మాటలు మాత్రమే. పాస్‌వర్డులు ఎవరికి వాళ్ళవే, బిల్లు క్యాన్సిల్ చేయాలంటే మేనేజర్ ఫోన్‌కు ఓటీపీ పోతుంది. వీక్లీ ఆఫ్ మీద వేరే అర్జీ నిజంగానే పెట్టాను, ఈసారి నేనే రాసుకున్నాను, ఐదు లైన్లు. సంక్రాంతి సీజన్‌లో కూడా మా కౌంటర్ వాళ్ళకు ఆఫ్ ఇచ్చారు.

పోయేవాళ్ళకు: సోమవారం పోవద్దు. ఆ రోజు కలెక్టరేట్‌లో గ్రీవెన్స్, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు అర్జీలు రాయించుకోవడానికి కిటకిటలాడుతుంటారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా మూసి ఉంటుంది. నోటీసు ఒరిజినల్, దాన్ని మీ చేతికిచ్చిన తేదీ, జీతం చీటీలు లేదా బ్యాంకు స్టేట్‌మెంటు, ఈఎస్ఐ, పీఎఫ్ వివరాలు, ఫోన్ ఛార్జింగ్ నిండుగా తీసుకుపోండి. గడువు చివరిరోజు సాయంత్రం పరిగెత్తుకుంటూ పోతే ఆయన ముందు గడువు పొడిగించమని లెటర్ రాసిస్తారు, జవాబు తర్వాతే. ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది బెంచీ గురించి.

పోయిన వారం మా పిన్ని కొడుకును తీసుకుపోయాను. మొబైల్ షాపులో చేస్తాడు, మెమో ఇచ్చారు. దారంతా వాడు మేనేజర్‌ను తిడుతూనే ఉన్నాడు, జేబులో నాలుగు పేజీలు రాసుకొచ్చాడు. పెద్దాయన నన్ను గుర్తుపట్టలేదు, రోజుకు ఎంతమందిని చూస్తారో. వాడు బెంచీ మీద కూర్చుని నోరు తెరవబోయేసరికి చెయ్యి అడ్డం పెట్టారు.

"కథ తర్వాతప్పా. కాగితాలేమి ఉండాయి?" అని పెన్సిల్ చెక్కుకోవడం మొదలుపెట్టారు.